పురోగతి కాని బ్రేక్‌త్రూ

2021లో కోవిడ్ టీకాల గురించిన కరపత్రం ఒకటి తెలుగు చేస్తూ, ‘బ్రేక్‌త్రూ ఇన్ఫెక్షన్’ దగ్గర ‘పురోగతి ఇన్ఫెక్షన్’ అని రాసి పంపేశాను. నా దగ్గరున్న నిఘంటువులో బ్రేక్‌త్రూకి అర్థం పురోగతి అనే ఉంది. సరిచూసిన డాక్టరుగారు ఫోన్ చేశారు. “రెండు డోసులూ వేయించుకున్నాక కూడా సోకిన జబ్బమ్మా అది. జబ్బు రావడం పురోగతి ఎలా అవుతుంది?”

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. జనం ప్రాణాలతో ముడిపడిన కాగితం కదా.

మర్నాటి నుంచి ఆ మాట ఎక్కడ కనబడినా నోటుబుక్కులో రాసుకోవడం మొదలుపెట్టాను. అది బాగా వాడుకలోకి వచ్చింది మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో. పశ్చిమ రంగంలో రెండు వైపులా సైన్యాలు కందకాల్లో ఏళ్ల తరబడి కదలకుండా కూర్చున్నప్పుడు, శత్రువు బారును ఛేదించి అవతలికి చొచ్చుకుపోవడమే బ్రేక్‌త్రూ. ప్రగతి అనే అర్థం తర్వాత వచ్చి చేరింది. ముందు ఒక అడ్డు ఉండాలి, అది తెగాలి.

అలా చూస్తే మనకు అచ్చమైన మాటే ఉంది: గండి. కొండల్ని కోసుకుంటూ పెన్న పారిన చోటే కదా గండికోట. కానీ కాలువకు గండి పడిందంటే ఆయకట్టు రైతు గుండె గుభేలుమంటుంది. ఖజానాకు గండి అన్నా నష్టమే. అందుకే ‘క్యాన్సర్ పరిశోధనలో గండి’ అని రాయలేం. పోలీసు వార్తల్లో ‘కేసు కొలిక్కి వచ్చింది’ చక్కగా అతుకుతుంది. క్రికెట్‌లో ‘పాతుకుపోయిన జోడీని విడదీశాడు’ అంటే చాలు. 2023 నవంబరులో ఉత్తరకాశీ దగ్గర సిల్క్యారా సొరంగంలో చిక్కుకున్న 41 మందిని 17వ రోజున బయటికి తెచ్చినప్పుడు మాత్రం ఏ అలంకారమూ అక్కర్లేకపోయింది. యంత్రం విరిగాక కూలీలు చేత్తో తవ్వి, అడ్డుగా ఉన్న శిథిలాల అవతలికి దారి చేశారు. ఆ మాటకు అసలు అర్థం అదే.

‘సైన్స్’ పత్రిక 2020 సంవత్సరపు బ్రేక్‌త్రూగా కోవిడ్ టీకాలను ఎంచింది. ఆ టీకాను దాటుకుని సోకిన జబ్బుకూ అదే పేరు. ఒకచోట అడ్డును ఛేదించింది మనం, ఇంకోచోట వైరస్. ఎవరు ఎటువైపు ఉన్నారో చూసుకోకుండా ఈ మాటను తెలుగు చేయకూడదని నాకు అక్కడ తెలిసింది.

తర్వాత క్యాన్సర్ రోగుల కోసం ఒక చిన్న పుస్తకం చేతికొచ్చింది. అందులో ‘బ్రేక్‌త్రూ పెయిన్’. వేళకు మార్ఫిన్ వేసుకుంటూ నొప్పి అదుపులోనే ఉన్నా, మధ్యలో ఉన్నట్టుండి తీవ్రంగా వచ్చేది. దానికి విడిగా అదనపు మోతాదు ఇస్తారు. ‘ఛేదక నొప్పి’, ‘ఆకస్మిక నొప్పి’ అని రాసి కొట్టేశాను. మొదటిది ఎవరికీ తెలియదు, రెండోదాంట్లో మందు మాటే లేదు.

పట్టు చిక్కక క్యాన్సర్ వార్డుకే వెళ్లాను. భర్త మంచం పక్కన కూర్చున్న ఒకావిడ నర్సుతో అంటోంది: “గోలీ ఏసినంక గూడ తన్నుకొస్తాంది మేడమ్.”

పుస్తకంలో ‘మందు వేసుకున్నా తన్నుకొచ్చే నొప్పి’ అని రాశాను. ఈసారి డాక్టరుగారు ఒక్క అక్షరం కూడా మార్చలేదు.