గదిలో మనిషి ఉన్నాడా, లేడా?

రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద, ఇంటి పరికరాలను నడిపించే హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్‌ను నడుపుతూ మా ఇంటిని కొద్దికొద్దిగా ఆటోమేషన్‌లోకి తెచ్చుకున్నాక, ఈ పనిలో అసలు కష్టమంతా గదిలో మనిషి ఉన్నాడా లేడా అన్న చిన్న ప్రశ్నకు నమ్మదగిన జవాబు రాబట్టడంలోనే ఉందని నాకు అర్థమైంది. మామూలు పీఐఆర్ సెన్సర్ ఒంటి వేడిలోని కదలికను మాత్రమే పసిగడుతుంది కనుక, నాన్నగారు కదలకుండా కూర్చుని పత్రిక చదువుకుంటుంటే గది ఖాళీ అయిందనుకుని లైటు ఆర్పేస్తుంది. ఎంఎంవేవ్ (మిల్లీమీటరు తరంగాల) రాడార్ సెన్సర్ ఊపిరి తీసేటప్పుడు ఛాతీలో కలిగే స్వల్ప చలనాన్నైనా గుర్తించగలదు. అయితే తిరిగే ఫ్యానును, ఊగే కర్టెన్‌ను కూడా మనిషిగా లెక్కగట్టే గుణం దానికుంది, మన ఇళ్లలో ఫ్యాను ఆగేదెప్పుడు! అందుకే లైటు వెలిగించే పనిని చురుగ్గా స్పందించే పీఐఆర్‌కు అప్పగించి, ఆర్పే నిర్ణయాన్ని ఫ్యానుకు ఎడంగా గోడకు బిగించిన రాడార్‌కు వదిలాను.

సెన్సర్లను కలపడానికి జిగ్‌బీ అనే వైర్‌లెస్ పద్ధతిని ఎంచుకున్నాను. నేరుగా కరెంటుతో నడిచే ప్లగ్గులు సంకేతాన్ని ఒకదానినుంచి మరొకదానికి అందిస్తాయి కాబట్టి మందపాటి గోడలున్న ఇంట్లోనూ అది వెనక గది దాకా చేరుతుంది, ఇంటర్నెట్ పోయినా పని ఆగదు. వైఫై మాదిరే ఇదీ 2.4 గిగాహెర్ట్జ్‌లో నడుస్తుంది కనుక ఒకదానికొకటి అడ్డుపడకుండా రెండింటి ఛానళ్లను ఎడంగా ఉంచాలి.

అమ్మ మెచ్చినది మాత్రం మేడమీది నీళ్ల ట్యాంకు. అల్ట్రాసోనిక్ (చెవికి వినపడని శబ్దంతో కొలిచే) సెన్సర్ నీటిమట్టాన్ని కొలిచి, నిండగానే మోటారును ఆపిస్తుంది. కొలత రావడం ఆగిపోతే మోటారు కూడా ఆగిపోవాలనీ, కరెంటు పోయి వచ్చినప్పుడు తనంతట తాను మొదలవకూడదనీ నియమాలు పెట్టాను. మోటారు లాగే కరెంటు భారాన్ని రిలే అనే చిన్న విద్యుత్ స్విచ్ మోయలేదు కనుక మధ్యలో కాంటాక్టర్ అనే పెద్ద స్విచ్‌ను ఎలక్ట్రీషియన్ చేతనే వేయించాను.