తిరిగి ఇవ్వని అప్పు

గురువారం, హంట్స్‌విల్, అలబామా, అమెరికా

సోమవారం మా అబ్బాయి సంచిలో, టిఫిన్ డబ్బా కింద నలిగిపోయి దొరికిన ఉత్తరం పట్టుకుని ఇవాళ బడికి వెళ్ళాను. రెండో తరగతి పిల్లవాడికి లెక్కల్లో అదనపు సాయం కావాలట. పదో ఎక్కం దాకా గడగడా అప్పజెప్పేవాడికా! మూడు రోజులుగా అమ్మకు కూడా ఫోనులో చెప్పలేదు. చెబితే ఊరంతా పాకుతుంది.

టీచరుతో పాటు లెక్కల కోచ్ కూడా కూర్చున్నారు. బడుల్లో లెక్కల చదువు మెరుగుపరచడానికి అలబామాలో 2022లో చేసిన న్యూమరసీ చట్టం పుణ్యమా అని వచ్చిన ఉద్యోగం అది. పిల్లలకన్నా ముందు టీచర్లకు తోడుండడం ఆవిడ పని. ఐదో తరగతి వరకు రోజూ కనీసం 60 నిమిషాలు లెక్కలు చెప్పాలని, పిల్లలు వెనకబడితే తల్లిదండ్రులకు తెలపాలని కూడా ఆ చట్టంలోనే ఉంది. నా చేతిలో ఉత్తరం అలా వచ్చిందే. 2019లో నాలుగో తరగతి లెక్కల్లో దేశంలోనే అట్టడుగున ఉన్న ఈ రాష్ట్రం, 2024 జాతీయ పరీక్షలో తన 2019 సగటును దాటింది. అలా దాటిన రాష్ట్రం ఇదొక్కటే. అంతా చట్టం చలవే అనను కానీ, సోమవారం నాటి కోపం మాత్రం అక్కడే సగం దిగిపోయింది.

మిగతా సగం వాడి కాగితం చూశాక దిగింది. 42లోంచి 17 తీసేస్తే 35 అని రాశాడు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచే రెండు తీసేశాడు! "పక్కంకె దగ్గర అప్పు తెచ్చుకోవాలని చెప్పానుగా" అని నేను నసిగాను. కోచ్ నవ్వి, రబ్బరు బ్యాండు వేసిన పదేసి పుల్లల కట్టలు నాలుగు, విడి పుల్లలు రెండు బల్ల మీద పెట్టారు. ఒక కట్ట విప్పారు. పన్నెండు విడి పుల్లలు. అంతే.

ముప్పై ఏళ్ళుగా అప్పు తెచ్చుకుంటున్నాను. తిరిగి ఎప్పుడు ఇవ్వాలో ఏ మాస్టారూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

రాత్రి వంటింట్లో టూత్‌పిక్కుల డబ్బా ఖాళీ. కొత్తిమీర కట్టలకు వచ్చిన రబ్బరు బ్యాండ్లూ మాయం. హాల్లో వాడు తాతయ్యకు వీడియోలో కట్ట విప్పి చూపిస్తున్నాడు. అమ్మ వెనకనుంచి "ఎందుకురా అన్ని పుల్లలు?" అంటోంది.