విశాఖ బేస్‌లైన్ నుంచి లద్దాఖ్ దాకా

మనాలి నుంచి లేహ్ వెళ్లే బైక్ బ్యాచ్‌లకి మోరే మైదానం అంటే ఒకటే గుర్తు: పాంగ్ దాటి ఘాట్ ఎక్కగానే తిన్నని రోడ్డు, ఫుల్ యాక్సిలరేటర్. నేనూ అలాగే దూసుకుపోయాను. సుమారు 4,700 మీటర్ల ఎత్తు, చెట్టన్నది లేదు, చుట్టూ మట్టిరంగు కొండలు. ఇంటికొచ్చి ఆ చోటు గురించి చదువుతుంటే మన వైజాగ్ పేరు తగిలింది.

జేమ్స్ బాసెవి అనే సర్వే అధికారి 1862-63లో విశాఖపట్నం బేస్‌లైన్ కొలిచాడు. ఒక గీతను నేల మీద స్వయంగా కొలిస్తే, దాని మీద కట్టిన త్రిభుజాల మిగతా భుజాలన్నీ కోణాలతో లెక్కకొస్తాయి. వాడింది 10 అడుగుల కడ్డీలు. ఒక్కోదాంట్లో ఇనుము, ఇత్తడి పక్కపక్కనే బిగించి, ఎండకి రెండూ సాగినా చివర్లలోని చుక్కల మధ్య దూరం మారకుండా చేశారు. మన ఎండల్లో మామూలు గొలుసుతో కొలిస్తే పొద్దున్న ఒక పొడవు, మధ్యాహ్నం ఇంకో పొడవు!

అసలు తలనొప్పి వేరే ఉంది. సర్వే పరికరాన్ని నిలబెట్టేది, తాపీమేస్త్రీ గోడకి వేలాడదీసే గుండు లాంటిదే. పక్కన హిమాలయాలుంటే అవి ఆ గుండుని తమవైపు లాగుతాయి. కొండలకి దగ్గరున్న కలియానా, దూరంగా ఉన్న కలియాన్‌పూర్ అనే రెండు సర్వే స్టేషన్ల మధ్య ఈ లాగుడు వల్ల 15 సెకన్లకు పైగా తేడా రావాలని 1855లో కలకత్తా పాదరీ ప్రాట్ లెక్క తేల్చాడు (కోణంలో సెకన్లు, అంటే డిగ్రీలో 3600వ వంతు; గడియారంవి కావు). సర్వేలో కనబడింది 5 సెకన్ల చిల్లర. అంత కొండ ఉండీ లాగలేదంటే ఎలా?

కొండల కింద భూమి తేలికగా ఉందేమో చూడాలంటే అక్కడ గురుత్వం కొలవాలి. గురుత్వం తగ్గితే లోలకం నెమ్మదిగా ఊగుతుంది. అందుకే లోలకాలు పట్టుకుని బాసెవి దేశమంతా తిరిగి, 1871లో మోరే చేరాడు. ఆ చలిలో కూర్చుని ఊపులు లెక్కపెట్టడమంటే నాకు తలచుకుంటేనే వణుకు. ఇంకో చోట కూడా రీడింగ్ తీద్దామని లద్దాఖ్‌లోనే ఉన్న చాంగ్‌చెన్మో లోయ వైపు వెళ్లి, జులైలో అక్కడే కన్నుమూశాడు.

మోరే రీడింగ్ మిగిలింది. ఎత్తు వల్ల తగ్గేది సరిచేసి, కింద ఉన్న రాతి బరువు కలుపుకుంటే రావాల్సిన దానికన్నా గురుత్వం బాగా తక్కువ తేలింది. పైన కొండ ఎంత ఎత్తో, దాని అడుగున భూమి అంత తేలిక. ప్రాట్ లెక్కకీ సర్వేకీ మధ్య తేలకుండా పోయిన ఆ 10 సెకన్లు అక్కడున్నాయన్నమాట.