పది చోట్ల తాకారట

డాక్టరమ్మ నన్ను కళ్ళు మూసుకోమన్నారు. "పాదానికి ఏదైనా తగిలినట్టు అనిపిస్తే చెప్పండి మాస్టారూ" అన్నారు. ఒళ్ళంతా కూడగట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి విసుగొచ్చి, "ఎప్పుడు మొదలుపెడతారమ్మా?" అన్నాను.

"అయిపోయిందండీ. పది చోట్ల తాకాను."

కళ్ళు తెరిస్తే ఆమె చేతిలో గాలపు దారంలాంటి నైలాను పోగు. పది గ్రాముల ఒత్తిడికి వంగుతుందట. ఎడమ పాదంలో ఒక్క చోటా నాకు తెలియలేదు.

పద్నాలుగేళ్ళ షుగరు నాది. లెక్కల మాస్టారుగా రిటైరయ్యాను, ఇరవై ఏళ్ళుగా సండేస్కూలు చెబుతున్నాను, పైగా సంఘ పెద్దను. నాకొకరు చెప్పాలా? ఇన్సులిన్ వద్దని నాలుగేళ్ళు డాక్టర్లతో వాదించాను. ఉపవాస ప్రార్థన రోజున మాత్రలు మానేసి, అదే విశ్వాసమనుకునేవాణ్ణి. మా ఆవిడ ఏదైనా అనబోతే వాక్యం ఎత్తి నోరు మూయించేవాణ్ణి. వినయమున్న చోటే జ్ఞానముంటుందని చెప్పే సామెతలు 11:2ను మాత్రం పిల్లల చేత కంఠత పెట్టించేవాణ్ణి, తప్పు చదివితే చెవి మెలేసి మరీ.

క్రిస్మస్ నాడు కొత్త బూటులో గులకరాయి పడింది. రోజంతా దాని మీదే నడిచాను. సాక్ష్యం చెప్పాను, భోజనాల దగ్గర నిలబడి వడ్డించాను. రాత్రి మేజోడు లాగితే బొటనవేలి పక్కన తడిగా అంటుకుని ఉంది. నొప్పి లేదు కదా అని పసుపు అద్దాను. ఎవరికీ చెప్పలేదు. పన్నెండో రోజున మా ఆవిడ గదిలోకి వచ్చి, "ఏమండీ, ఎక్కడో ఎలుక చచ్చినట్టుంది" అంది. మంచం కింద ఇద్దరం వంగి వెతికాం. ఎలుక లేదు.

ఆసుపత్రిలో చేరేసరికి మూడు నెలల సగటు షుగరు పరీక్షలో 11.4 వచ్చింది. కుళ్ళిన కండ కోసేశారు. రెండో వేలు పోయింది. తరువాత నాలుగు నెలలు రోజు విడిచి రోజు కట్టు. ఆ పాదం నేలకు మోపకూడదు. షుగరు నరాలను దెబ్బతీస్తే పాదాలకు స్పర్శ పోతుందట, నొప్పి తెలియని మనిషి పుండు మీదే నడుస్తూ పోతాడట. అచ్చం నా కథే.

మానాక వేసుకోవడానికి ఎం.సి.ఆర్. చెప్పులు రాశారు, మెత్తని రబ్బరువి. "ఇవి కుష్ఠు రోగులకిచ్చేవి కదా!" అన్నాను. స్పర్శ లేని పాదాన్ని కాపాడడం వైద్యులు నేర్చుకున్నది వాళ్ళ దగ్గరేనని డాక్టరమ్మ చెప్పారు. కుష్ఠు నేరుగా వేళ్ళను తినేయదని, నొప్పి తెలియక తగిలే గాయాలే పోగొడతాయని 1946లో వేలూరు వచ్చిన పాల్ బ్రాండ్ అనే సర్జన్ గట్టిగా చెప్పారట. కుష్ఠు పట్టిన సేనాధిపతి నయమాను కథ పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో! బాగుపడాలంటే యొర్దాను నదిలో మునగమంటే అతనికి వచ్చిన కోపమే ఆ పూట నాకూ వచ్చింది.

కట్టు మార్చే కుర్రాడు మొదటి రోజు నా పాదాన్ని ఒళ్ళో పెట్టుకోబోతే వెనక్కి లాక్కున్నాను. "వద్దు బాబూ, నేను కడుక్కుంటాను."

"మీ అరికాలు మీకు కనిపించదు కదండీ మాస్టారూ" అన్నాడు, గాజుగుడ్డ విప్పుతూనే.

పరిశుద్ధ గురువారం మా పాస్టరుగారు పెద్దల కాళ్ళు కడుగుతారు. ఏటా నేను ఇంట్లోనే సబ్బుతో రుద్ది కడుక్కుని వెళ్ళేవాణ్ణి. యోహాను 13వ అధ్యాయం చెప్పినప్పుడల్లా ప్రభువు శిష్యుల కాళ్ళు కడగడానికి వంగడం గురించే చెప్పాను. తన కాళ్ళు కడగొద్దన్న పేతురు సంగతి ఒక్క మాటలో దాటేసేవాణ్ణి. ఈ ఏడు ఆ గురువారం నాకు కట్టు మార్చే రోజైంది. కుర్రాడు గోరువెచ్చని సెలైన్ పోసి, తుడిచి, పాదాన్ని వెలుతురుకు తిప్పి చూశాడు. వాసనకు ముఖం తిప్పుకోలేదు. జ్ఞానం కొదువైతే దేవుణ్ణి అడగమని యాకోబు రాశాడు. నేనూ అడుగుతూనే ఉన్నాను. ఎవరి నోట ఇప్పిస్తున్నాడో మాత్రం చూసుకోలేదు.

ఇప్పుడు రాత్రి ప్రార్థనయ్యాక మా ఆవిడ టార్చి పట్టుకుని నా వేళ్ళ సందులు వెతుకుతుంది. నిన్న ఒక చోట ఆగింది. "ఇక్కడ ఎర్రగా ఉందండీ. రేపు చూపించాలి."

దోమ కుట్టి ఉంటుందని నోటిదాకా వచ్చింది. "పొద్దున్నే వెళదాం" అన్నాను.