షష్టిపూర్తి ఆల్బమ్: కిట్‌లో తీసుకునేవి, చేత్తో చేసుకునేవి

నాన్న షష్టిపూర్తికి డిజిటల్ స్క్రాప్‌బుక్ చేయడానికి కూర్చుంటే ఫొటోలు ఏరుకోవడం తేలిక పని. ఆ ఫొటోల చుట్టూ వచ్చే సరంజామా ఎక్కడి నుంచి తేవాలన్నదే అసలు ప్రశ్న. కాగితాలు, పూలు, దారాలు, గుండీలు, టేపులు, అక్షరాలు అన్నీ నెట్ నుంచి దించుకునే రెడీమేడ్ కిట్లలో బొమ్మలుగా దొరుకుతాయి. వాటితోనే నింపేస్తే పేజీ అందంగానే ఉంటుంది, కానీ ఫొటోలు మార్చేస్తే ఎవరి ఆల్బమ్ అయినా అయిపోతుంది. అన్నీ చేత్తోనే చేస్తానని పట్టుబడితే ముహూర్తంలోగా పని తెమలదు. అందుకే ఒక నియమం పెట్టుకున్నాను: మా ఇంట్లో మాత్రమే ఉన్నది చేత్తో, ఏ ఇంట్లోనైనా ఒకేలా ఉండేది కిట్ నుంచి. అమ్మ వేసే ముగ్గు, పెళ్ళి చీర అంచు, నాన్న రాసిన ఇన్‌లాండ్ ఉత్తరం మొదటి రకం. క్రాఫ్ట్ పేపరు, టేపు ముక్కలు, ఫొటో మూలలు, పిన్నులు రెండో రకం. టేపు ముక్కను మనమే స్కాన్ చేసి సాధించేదేమీ లేదు.

ముందు కొలతలు తేల్చుకోవాలి. కిట్లలో కాగితాలు సాధారణంగా 12×12 అంగుళాల చదరాలు, 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర 3600×3600 పిక్సెళ్ళు. మన ఊళ్ళ ఫొటో ల్యాబుల్లో పెళ్ళి ఆల్బమ్‌లకు ఎక్కువగా నడిచేది 12×36 షీటు. మధ్యలో మడత పడి, ఒక్కో వైపు 18×12 పేజీ వస్తుంది. అంటే 10800×3600 పిక్సెళ్ళ కాన్వాసు. కిట్ కాగితం ఒకటి దానిలో మూడో వంతుకే సరిపోతుంది. దాన్ని లాగి పెద్దది చేస్తే కాగితం నార కాస్తా మసకబారిన మచ్చల్లా తేలుతుంది. ఒకే వరుసలోని మూడు కాగితాలను పక్కపక్కన పరిచి, అతుకుల మీద గుడ్డ అంచో, కాగితపు పట్టీయో అడ్డంగా వేస్తే చాలు. సరిగ్గా మధ్యన మడత దగ్గర అటు అర అంగుళం, ఇటు అర అంగుళం ముఖాలు, అక్షరాలు రాకూడదు. నాలుగు అంచుల్లోనూ ల్యాబ్ కోతకు కనీసం పావు అంగుళం వదలాలి.

ఈ కాన్వాసులో నిండుగా పరుచుకున్న ఒక్క లేయరే (ఒకదానిమీద ఒకటి పేర్చే పొరే) 155 ఎంబీ మెమరీ తింటుంది. అలాంటివి ఇరవై పెడితే 3 జీబీ దాటుతుంది. ప్రతి లేయరునూ దానిలో ఉన్న వస్తువు మేరకే కత్తిరించి ఉంచితే 8 జీబీ కంప్యూటరు మీద కూడా పని సాఫీగా నడుస్తుంది.

ముగ్గుతో మొదలుపెట్టాను. వాకిట్లో వేసిన ముగ్గును ఫొటో తీస్తే నేల గరుకు, తడి మరకలు దానితోపాటే వస్తాయి, విడదీయడం కష్టం. నల్లటి చార్టు పేపరు నేలమీద పరిచి, దానిమీద ముగ్గుపిండితో అమ్మ చేత వేయించడం మంచిది. ఫోన్‌ను సరిగ్గా నేలకు సమాంతరంగా పట్టుకోవాలి. దగ్గర నుంచి తీస్తే లెన్సు వల్ల అంచులు వంగుతాయి కాబట్టి, ఒక స్టూలు ఎక్కి కాస్త జూమ్ చేసి తీయాలి. ఎంత జాగ్రత్తపడ్డా కొంచెం వాలు వస్తుంది. దాన్ని సరిచేయడానికి చుక్కలే ఆధారం. గింప్ అనే ఉచిత ఫొటో ఎడిటింగ్ ప్రోగ్రామ్‌లో గ్రిడ్ పెట్టుకుని, పర్‌స్పెక్టివ్ టూల్‌తో చుక్కల వరుసలు గీతల మీదికి వచ్చేదాకా మూలలు జరిపితే ముగ్గు మొత్తం చదునవుతుంది.

తర్వాత నలుపును తీసేయాలి. ఇక్కడ చాలామంది మ్యాజిక్ వాండ్ లాంటి సెలక్షన్ టూల్ వాడతారు. దానితో గీత పక్కన రాలిన పిండి రేణువులన్నీ పోతాయి, గీత అంచు కత్తెరతో కోసినట్టు తయారవుతుంది. గింప్‌లో కలర్స్ మెనూలో ‘కలర్ టు ఆల్ఫా’ (ఎంచుకున్న రంగును పారదర్శకం చేసేది) తీసి, రంగు నలుపు ఎంచుకుని, ట్రాన్స్‌పరెన్సీ థ్రెషోల్డ్ 0.1 నుంచి 0.15 మధ్య పెడితే చార్టు నలుపు పూర్తిగా పోయి పిండి మాత్రం మిగులుతుంది. చిక్కగా పడ్డచోట చిక్కగా, వేళ్ళ సందుల్లోంచి పలచగా జారినచోట పలచగా, గీత మలుపు తిరిగేచోట చెయ్యి ఒక్క క్షణం ఆగి కాస్త ఎక్కువ పిండి రాలిన గుర్తు కూడా ఉంటుంది. కిట్లలో దొరికే వెక్టర్ ముగ్గుల్లో ఇది ఎక్కడా కనబడదు, వాటి గీత మందం మొదటి నుంచి చివరిదాకా ఒక్కటే. తెల్లటి ముగ్గు లేత కాగితం మీద ఆనదు కాబట్టి, కింద ఎర్రమట్టి రంగు కాగితం వేశాను. ఆ కాగితం కిట్‌లోదే. ముగ్గుకు షాడో (నీడ) పెట్టకూడదు. పిండి నేలకు అంటుకుని ఉంటుంది, షాడో పెడితే స్టిక్కర్ అయిపోతుంది.

ఇన్‌లాండ్ ఉత్తరం సంగతి వేరు. పాత ఉత్తరాల్లో రెండు ఇబ్బందులు: వెనక వైపు సిరా ఇటు కనబడటం, కాగితం పచ్చబడటం. స్కానర్ మూత లోపలి వైపు తెల్లగా ఉంటుంది. అది వెలుతురును వెనక్కి కొట్టి వెనకవైపు రాతను బయటపెడుతుంది. ఉత్తరం వెనక ఒక నల్ల కాగితం పెట్టి స్కాన్ చేస్తే ఆ రాత చాలావరకు అణిగిపోతుంది. స్కాన్ మొత్తం కాస్త ముదురుగా వస్తుంది, అది లెవెల్స్‌లో (వెలుగునీడలు సర్దే టూల్‌లో) సర్దుకుంటుంది.

సిరాను కాగితం నుంచి విడదీయడానికి రెడ్ చానెల్ (స్కాన్‌లో ఎరుపు వెలుతురు భాగం) వాడాలి. నీలం సిరా ఎరుపు వెలుతురును మింగేస్తుంది, పచ్చబడిన కాగితం దాన్ని తిప్పికొడుతుంది. అందుకే రెడ్ చానెల్‌లో రాత నల్లగా, మరకలు దాదాపు తెల్లగా కనిపిస్తాయి. బ్లూ చానెల్‌లో సరిగ్గా దీనికి తిరగబడి మరకలే ముందుకొస్తాయి. గింప్‌లో కలర్స్, కాంపొనెంట్స్, డీకంపోజ్ దారిలో వెళితే చానెళ్ళు విడివిడిగా వస్తాయి. రెడ్ ఒక్కటీ తీసుకుని, లెవెల్స్‌తో కాగితాన్ని పూర్తి తెలుపు చేసి, ఇన్వర్ట్ చేసి, రంగు నింపిన కొత్త లేయరుకు మాస్కుగా (ఏ భాగం కనబడాలో తేల్చే పొరగా) పెట్టాను. ఆ రంగు నలుపు కాకుండా, అసలు ఉత్తరంలో సిరా చిక్కగా ఉన్న ఒక అక్షరం మీద ఐడ్రాపర్ పెట్టి తీసుకోవాలి. ఇప్పుడు నాన్న చేతిరాత ఏ కాగితం మీదనైనా కూర్చుంటుంది. చేతిరాత ఫాంటు అంటూ కిట్లలో దొరికేవాటి అవసరమే పడదు, అయినా వాటిలో తెలుగు ఉండటం అరుదు.

చీర అంచు దగ్గర ఓపిక కావాలి. జరీ స్కానర్ మీద మెరవదు. స్కానర్ దీపం ఒకే దిక్కు నుంచి వెళుతుంది, జరీ ఆ వెలుతురును సెన్సర్ వైపు కాకుండా పక్కకు కొడుతుంది, దాంతో బంగారు రంగు గోధుమ రంగు గీతలుగా మారిపోతుంది. గుడ్డను 90 డిగ్రీలు తిప్పి మళ్ళీ స్కాన్ చేస్తే కొంత నయం. పెద్ద జరీ అంచైతే స్కానర్ వదిలేసి, కిటికీ పక్కన నీడపట్టున ఫొటో తీయడమే సరైన పని. జరీ లేని నూలు, ఇక్కత్ బట్టలకు స్కానర్ ఎంతో బాగుంటుంది. ఇస్త్రీ చేసి, 600 డీపీఐలో స్కాన్ చేసి, తర్వాత సగానికి తగ్గించాలి. నేరుగా 300లో తీస్తే నేత పోగులకూ స్కానర్ గీతలకూ లంకె పడి అలలు అలలుగా చారలు వస్తాయి. అచ్చువేసిన పెళ్ళి శుభలేఖకూ ఇదే పద్ధతి, దానికి స్కానర్‌లో డీస్క్రీన్ (అచ్చు చుక్కలను అణచే సెట్టింగ్) కూడా ఆన్ చేయాలి.

పోచంపల్లి ఇక్కత్‌ను దగ్గరగా చూడండి. నూలును ముందే ముడులు కట్టి రంగులద్ది ఆ తర్వాత నేస్తారు కాబట్టి, ఒక రంగు ఇంకో రంగులోకి చిన్న చిన్న ఈకల్లా చొచ్చుకుపోతుంది. ‘ఇక్కత్’ పేరుతో కిట్లలో ఉండే చాలా కాగితాల్లో ఆ అంచు బ్లేడుతో గీసినట్టుంటుంది. ఇక్కత్ కావాలంటే జేబురుమాలంత ముక్క స్కాన్ చేసుకోవడం వంద కిట్లు వెతకడం కన్నా తక్కువ శ్రమ. అంచు పొడవునా కావాలంటే ఒక్క పువ్వు కత్తిరించి వరసగా పేర్చకండి. నాలుగైదు పూలు వచ్చేంత అంచు స్కాన్ చేసి, ఆ ముక్కను పేర్చండి. చేనేతలో ఏ రెండు పూలూ అచ్చంగా ఒకటి కావు, పేజీ మీద ఆ తేడా తెలియాలి.

ఎండబెట్టిన పూలకు ఒక్క మాట. ఇళ్ళలో ఉండే ప్రింటర్‌తో కలిసిన స్కానర్లలో ఎక్కువ వాటికి లోతు ఉండదు. అద్దానికి అంటుకున్నదే స్పష్టంగా వస్తుంది, రెండు మూడు మిల్లీమీటర్లు పైకి లేస్తే మసకే. కాబట్టి నొక్కి ఎండబెట్టిన రేకలు, ఆకులు స్కానర్‌కు. గాజులు, గుండీలు, తాళాలు ఫోన్ కెమెరాకు. అద్దం మీద పారదర్శకమైన ఓహెచ్‌పీ షీటు వేసుకుంటే రసం, పుప్పొడి అంటవు.

ఇక కిట్. దించుకున్న ప్రతి పీఎన్‌జీనీ (వెనక భాగం పారదర్శకంగా ఉండే బొమ్మ ఫైలు) వాడేముందు రెండు రంగుల మీద పెట్టి చూస్తాను: ఒకసారి ముదురు నలుపు, ఒకసారి లేత గులాబీ. నలుపు మీద అంచున తెల్లటి పీచు కనబడితే కత్తిరింపు సరిగా లేదని అర్థం. మాస్కును ఒక పిక్సెల్ లోపలికి కుదిస్తే పోతుంది. గులాబీ మీద ఒక పక్కన బూడిద రంగు మేఘం కనబడితే షాడో ముందే అందులో కలిపేశారన్నమాట. దాన్ని పక్కన పెట్టేయడమే మంచిది. ఆ షాడో కుడికి, మన షాడో ఎడమకు పడితే కళ్ళు వెంటనే పట్టేస్తాయి.

కొలత మరో చిక్కు. మామూలు చొక్కా గుండీ అర అంగుళం, అంటే 150 పిక్సెళ్ళు. కిట్‌లో అది 600 పిక్సెళ్ళు ఉంటుంది, అలాగే పెడితే ఫొటో పక్కన పళ్ళెమంత గుండీ కూర్చుంటుంది. దారాన్నీ అంతే, పేజీకి సరిపడేలా ఇష్టమొచ్చినట్టు కుదిస్తే వెంట్రుకంత సన్నబడుతుంది. మనం 300 డీపీఐకి తెచ్చుకున్న స్కాన్లు అసలు సైజులో ఉంటాయి కాబట్టి కిట్ వస్తువులను వాటి పక్కన పెట్టి కొలత సరిచూస్తాను. షరతులు కూడా చదవాలి. చాలా కిట్లు సొంత వాడకానికే. డబ్బు తీసుకుని వేరేవాళ్ళకు చేసిపెట్టాలంటే విడిగా అనుమతి ఉండాలి. ఎవరి పెన్‌డ్రైవ్ నుంచో వచ్చిన పీఎస్‌డీ (ఫొటోషాప్ లేయర్ల ఫైలు) బ్యాక్‌గ్రౌండ్లకు షరతులే కనబడవు, వాటి జోలికి నేను వెళ్ళను.

రెండు రకాలనూ కలిపినప్పుడు పేజీ చెడిపోయేది ఎక్కువగా మూడుచోట్ల: వెలుతురు, రంగు, పదును. వెలుతురు పైన ఎడమ వైపు నుంచి వస్తోందని ముందే అనుకుని, అన్ని షాడోలకూ కోణం 120 డిగ్రీలు ఇస్తాను. చేత్తో తీసిన ఫొటోలు కూడా అదే వైపు వెలుతురుతో తీసినవై ఉండాలి. షాడో దూరం మాత్రం వస్తువును బట్టి మారుతుంది. టేపుకు 2, 3 పిక్సెళ్ళు, దారానికి 5, కాగితం మీద ఫొటోకు 10, గుండీకి 18 నుంచి 25. అన్నిటికీ ఒకటే విలువ ఇస్తే పేజీలో ఎత్తుపల్లాలు పోతాయి. షాడో రంగు నలుపు వద్దు, కింద ఉన్న కాగితం రంగుకే బాగా ముదురు ఛాయ తీసుకుని మల్టిప్లై మోడ్‌లో (కింది రంగును ముదురు చేసే మోడ్) 40, 50 శాతం దగ్గర ఉంచాలి.

రంగు విషయంలో కిట్‌ను మన వస్తువుకు అనుగుణంగా మార్చాలి తప్ప, మన వస్తువును కిట్ వైపు లాగకూడదు. చీర అంచులోంచి రెండు మూడు రంగులు తీసుకుని, కిట్ కాగితాల హ్యూ (రంగు), శాచురేషన్ (రంగు గాఢత) వాటికి దగ్గరగా తెస్తాను. మెరుపు రంగులు 15, 20 శాతం తగ్గించక తప్పదు. పదును కూడా అంతే. కిట్ పువ్వు కత్తిలా ఉండి, ఫోన్‌లో తీసిన గాజు కాస్త మెత్తగా ఉంటే, పువ్వుకే అర పిక్సెల్ నుంచి ఒక పిక్సెల్ వరకు గాసియన్ బ్లర్ ఇవ్వాలి. గాజును షార్పెన్ చేస్తే అంచుల్లో తెల్లటి గీతలు లేస్తాయి.

ఒక్కో షీటులో చేత్తో చేసినవి రెండో మూడో చాలు. ముగ్గు, ఉత్తరం, చీర అంచు, ఇక్కత్, పూలు అన్నీ ఒకేచోట పోస్తే చూపు ఏదాని మీదా నిలవదు. నేను ఉత్తరం ఉన్న షీటులో కిట్ నుంచి కాగితం, మూలలు, టేపు మాత్రమే తీసుకున్నాను, పూలు అసలు పెట్టలేదు.

శీర్షికలకు యూనికోడ్ ఫాంట్లు వాడండి. సిలికానాంధ్ర అందించిన రామభద్ర, మండలి, సురన్న లాంటివి ఉచితం. గింప్‌లో వత్తులు, గుణింతాలు మామూలుగానే సరిగా వస్తాయి. పాత ఫొటోషాప్‌లో వత్తు పక్కకు విడిపోతే ఫాంటు తప్పు కాదు. ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర ‘మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్’ ఎంచుకుని, కొత్త ఫైలు తెరిచి, పేరాగ్రాఫ్ ప్యానెల్‌లో ‘వరల్డ్ రెడీ లేఅవుట్’ పెట్టాలి. ల్యాబ్‌కు మాత్రం లేయర్ల ఫైలు ఇవ్వకుండా, ఎస్‌ఆర్‌జీబీలో (మామూలు స్క్రీన్ల రంగుల ప్రమాణం) అత్యధిక నాణ్యతతో జేపెగ్ చేసి ఇవ్వాలి. వాళ్ళ కంప్యూటర్‌లో మన ఫాంటు లేకపోతే అక్షరాలు మారిపోతాయి.

మొత్తం ప్రింటుకు ఇచ్చేముందు, షీటులో ముగ్గూ ముఖమూ రెండూ ఉన్నచోట 1800×1200 పిక్సెళ్ళ ముక్క కత్తిరించి, అదే ల్యాబ్‌లో మామూలు 6×4 ఫొటోగా వేయించాలి. అసలు ఆల్బమ్‌లో ఎంత సైజు వస్తుందో అంతే సైజులో చేతికి వస్తుంది. స్క్రీన్ వెలుతురు ఎక్కువగా ఉంటే ప్రింటు ముదురుగా కనబడుతుంది. అలా వస్తే మొత్తం షీటుకు కర్వ్స్ (వెలుగు సర్దే టూల్) వాడి మధ్య ఛాయలను కొద్దిగా లేపి, ఇంకో 6×4 వేయించి, ఎర్రమట్టి కాగితం మీద పిండి రేణువులు విడివిడిగా కనిపిస్తేనే మిగతా షీట్లు ఇవ్వాలి.