నత్తలకు కూడా డబ్బులా?

తిరుపతిలో ఉంటూ ఇంట్లో సముద్రం పెట్టుకున్నానని మా ఆఫీసులో ఇప్పటికీ నవ్వుతారు. రెండడుగుల గాజు ట్యాంకు, డెబ్బై లీటర్ల ఉప్పునీళ్లు, రెండు క్లౌన్ చేపలు, ఒక చిన్న గోబీ చేప, రాళ్ల మీద నాలుగు మష్రూమ్ పగడాలు. అంతే నా సముద్రం. ఆరో నెలకు రాళ్ల మీద పచ్చటి నాచు జుట్టులా పెరిగింది. చేపలు వదిలేసిన మేత ఇసుకలో కుళ్లి, టెస్ట్ చేసిన ప్రతిసారీ నాచుకు ఎరువయ్యే నైట్రేట్ పెరుగుతోంది. ఆ మిగులూ తగులూ తినే జీవాలేవో కావాలి.

రంగు చేపల షాపులుండే చెన్నై కొళత్తూరుకు వెళ్లాను. మాధవరంలో బస్సు దిగితే ఆటోలో దగ్గరే. ఒక షాపులో ఆకుపచ్చ బ్రిటిల్ స్టార్ చూపించారు. పాముల్లాంటి అయిదు పొడుగు చేతులున్న నక్షత్రం.

"మంచి క్లీనర్ సార్, ఏది పడినా తినేస్తుంది" అన్నాడు షాపతను.

మూడు వారాలు బుద్ధిగానే ఉంది. తర్వాత ఒక పొద్దున గోబీ కనిపించలేదు. గోబీలు దూకుతాయి కదా అని సోఫా కింద, చెప్పుల స్టాండు వెనక అంతా వెతికాం. దొరకలేదు. ఆ రాత్రి టార్చికి ఎర్ర కాగితం చుట్టి ట్యాంకులోకి చూశాను. నక్షత్రం చేతుల కొసల మీద లేచి, ఒళ్లు గొడుగులా పైకెత్తి, కదలకుండా నిలబడి ఉంది. నిద్రకు చోటు వెతుక్కుంటూ ఆ నీడలోకి చేరిన చిన్న చేప మీద పడి చుట్టేయడం దాని అలవాటని తర్వాత చదివాను. షాపతను అబద్ధమేమీ చెప్పలేదు, ఏది పడినా తింటుందనే చెప్పాడు. దాన్ని చిత్తూరులో పెద్ద చేపలు పెంచే మిత్రుడికి ఇచ్చేశాను.

అప్పటినుంచి ఏ జీవం గురించి చదివినా ఒకటే చూశాను: చెత్త అయిపోయాక ఇది దేని మీద పడుతుంది? ఎమరాల్డ్ పీత నాచు బాగా తింటుంది గానీ, ఆకలైతే పగడాలను గిల్లుతుంది. వద్దనుకున్నాను. హెర్మిట్ పీతలు చెత్త తింటాయి, కానీ పెరిగేకొద్దీ పెద్ద గుల్ల కావాలి, ఖాళీది దొరక్కపోతే బతికున్న నత్తను చంపి దాని గుల్లలో దూరతాయి. సముద్ర దోసకాయలనే మెత్తటి జీవాల సంగతి వేరే. 2001లో వాటిని వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు, కాబట్టి ఆ ఆలోచనే లేదు. పైగా పంపులో ఇరుక్కుని చస్తే విషం వదిలి చేపల్ని కూడా తీసుకుపోగలవు.

చివరికి నత్తలే మిగిలాయి. వాటిలోనూ తేడాలున్నాయి. మార్గరీటా నత్తలు చల్లటి సముద్రానివి, మన ఊరి ఎండలకు అవి ఆగవు. ఆస్ట్రేయా నత్త వెల్లకిలా పడితే తనంతట లేవలేదు, రోజూ నేను చెయ్యి పెట్టి తిప్పాలి. నాచుకు నాలుగు సెరిత్ నత్తలు, మిగిలిన మేతకు మూడు నసారియస్ నత్తలు చాలనుకున్నాను. ఇరవై తీసుకుంటే తగ్గిస్తామన్నారు. ఇంత చిన్న ట్యాంకులో ఇరవై నత్తలు ఆకలితో చస్తే, అవే మళ్లీ నైట్రేట్.

కవరు చూసి మా అమ్మ, "ఏందిరా, నత్తలకు కూడా డబ్బులిస్తావా? మన కయ్యల్లో గంపలకు గంపలు ఎత్తుకోవచ్చు" అంది. అవి మంచినీటివని చెప్పినా ఆమెకు పెద్ద తేడా కనిపించలేదు.

అసలు టెన్షన్ ఇంటికొచ్చాకే. షాపు నీళ్లలో ఉప్పు నా ట్యాంకులో కంటే బాగా తక్కువ. నత్తలు ఆ మార్పును ఒక్కసారిగా తట్టుకోలేవు. బకెట్లో పెట్టి, సన్నటి ఎయిర్ పైపుకు ముడివేసి, ట్యాంకు నీళ్లు చుక్కచుక్కగా రెండు గంటలు దించాను. షాపు నీళ్లు మాత్రం ఒక్క చుక్క కూడా ట్యాంకులో పొయ్యలేదు. చేపల జబ్బులకు వాడే మందుల్లో రాగి ఉండొచ్చు, నత్తకైనా రొయ్యకైనా అది విషమే. ఎండాకాలంలో ట్యాంకు మీద ఫ్యాను పెడతాను. నీళ్లు ఆవిరై ఉప్పు చిక్కబడుతుంది, అందుకే పొద్దున, సాయంత్రం ఆర్వో నీళ్లతో మట్టం సరిచేస్తాను. ఉప్పు కలిపిన నీళ్లు కాదు, మామూలు ఆర్వో నీళ్లే.

నసారియస్‌లు పగలంతా ఇసుకలో పూడుకునే ఉంటాయి, ఏనుగు తొండం లాంటి చిన్న గొట్టం మాత్రం పైకి కనిపిస్తుంది. మేత వాసన తగిలిందా, మూడూ ఇసుక చీల్చుకుని లేస్తాయి. నాచు ఇంకా పూర్తిగా పోలేదు, పంపు వెనక అలాగే ఉంది. పోయిన వారం రాయి కింద ఒక బ్రిసిల్ పురుగు కనిపించింది, రాయితోపాటే వచ్చుంటుంది. ముట్టుకుంటే నూగు గుచ్చుకుంటుంది గానీ, మిగిలిన మేత తింటుంది. ఉండనిచ్చాను. దీనికి మాత్రం డబ్బులివ్వలేదని అమ్మకు చెప్పాను.