నాకు పాలు పడలేదన్నారు

అమ్మ లేదు కాబట్టి కాన్పుకి పుట్టింటికి వెళ్లే మాటే లేదు. హనుమకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సిజేరియన్ అయ్యాక నేరుగా అత్తగారింటికే వచ్చాను. సిజేరియన్ మా వైపు వింతేం కాదు. 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే తెలంగాణలో నూటికి 60 కాన్పులు అవే. కానీ కుట్లతో పక్కకి తిరగలేని మనిషి బిడ్డకి పాలెలా ఇవ్వాలో మాత్రం ఆసుపత్రిలో ఎవరూ కూర్చుని చూపించలేదు.

ఇంటికి రాగానే "దీనికి పాలు పడ్తలేవు" అని తేల్చేశారు. పాప ఏడిస్తే నా పాలు చాలక, నిద్రపోతే డబ్బా పాలు తాగబట్టి. ఇక నేను గెలిచే దారేది?

వాళ్లు చెడ్డవాళ్లు కాదు. సాయం చేయడానికే ముందుకొచ్చారు, ఆ సాయంతోనే వచ్చింది చిక్కు. "నువ్వు పండుకో బిడ్డా, రాత్రి పిల్లను నేను జూసుకుంట" అని అత్తమ్మ పాపని తీసుకెళ్లి సీసా పట్టేది. పాప ఎంత చీకితే అన్ని పాలు ఊరతాయి. చీకడం తగ్గితే ఊరడమూ తగ్గుతుంది. లేవు లేవంటూ పట్టిన సీసాలే నిజంగా లేకుండా చేస్తున్నాయన్నమాట. నాకు కావలసింది పాపని తీసుకెళ్లేవాళ్లు కాదు, తెచ్చి ఒళ్లో పెట్టేవాళ్లు. పైగా బాలింత నీళ్లెక్కువ తాగితే పొట్ట పెరుగుతుందని గ్లాసుల లెక్క. మా ఆయనేమో వారాంతంలో హైదరాబాద్ నుంచి వచ్చి "అమ్మకి తెలియదా?" అని ఊరుకునేవాడు.

ఆ డబ్బా మీద తల్లిపాలే శ్రేష్ఠమని రాసి ఉంటుంది. 1992 చట్టం అలా రాసి తీరాలంది. ఇంట్లో అది చదివింది నేనొక్కదాన్నే.

ఆసుపత్రి కాన్పయినా ఆశా కార్యకర్త 42 రోజుల్లోపు ఆరుసార్లు ఇంటికొచ్చి తల్లినీ బిడ్డనీ చూడాలి. మా వాడ ఆశా వచ్చినప్పుడు, అత్తమ్మ చాయ్ పెట్టడానికి లోపలికెళ్లగానే అంతా చెప్పేశాను. ఆవిడ ఏడుపు గురించి అడగనే లేదు. పాప రోజుకి ఎన్నిసార్లు ఉచ్చ పోస్తోంది, బరువెంత, అని అడిగింది. మొదటి వారం కాస్త బరువు తగ్గడం మామూలేనట. రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకి వచ్చి, రోజుకి ఆరుసార్లకి తగ్గకుండా ఉచ్చ పోస్తుంటే పాలు అందుతున్నట్టే. సీసా ఒక్కసారిగా మానొద్దు, ఒక్కోటీ తగ్గిస్తూ ఈ రెండూ చూసుకో అంది. ఉచ్చ తగ్గినా, పాప మందంగా పడి ఉన్నా వెంటనే డాక్టర్ దగ్గరికి పొమ్మంది.

తర్వాత నన్ను గోడకి ఆనించి కూర్చోబెట్టి, పక్కన దిండు పెట్టి, పాపని నా చంక కిందుగా, కాళ్లు వెనక్కి వచ్చేలా పట్టుకోమంది. కుట్ల మీద బరువే పడలేదు! మొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి పోవాలి, గడ్డం రొమ్ముకి తగలాలి, కింది పెదవి బయటికి తిరగాలి. మొనలు పగిలి నేను పళ్లు బిగబట్టి ఓర్చుకుంటున్నదంతా పట్టు సరిగా లేకనే.

ఆ రాత్రి నుంచి పాప ఉయ్యాలని నా మంచం పక్కకే జరిపించాను. చిన్నపాటి యుద్ధమే అయింది. సాయంత్రాలైతే గంటల తరబడి వదలకుండా తాగేది. అది చూసి మళ్లీ "పాలు లేవు" పాట. పుట్టిన కొత్తలో ఇలా వరసపెట్టి తాగడం మామూలేనని చెప్పినా వినేవాళ్లు లేరు.

అత్తమ్మ బీరువాలో వెండి ఉగ్గుగిన్నె ఉంది. నేను నిద్రపోవాల్సినప్పుడు పాలు పిండి అందులో పోసి, సీసా బదులు దీంతో పట్టమన్నాను. గిన్నెలో పాలు కంటికి కనబడేసరికి ఆవిడ ఏమీ అనలేదు. మర్నాడు నా కంచంలో ఎల్లిపాయ కారం, మునగాకు పప్పు, పక్కన నిండు చెంబుతో నీళ్లు.

నెలన్నర టీకాల నాటికి డబ్బా అవసరం పోయింది. పాప బరువు చూసి నర్సు బాగుందంటే, మొదట్లో డబ్బా పాలు పట్టబట్టే ఒళ్లు చేసిందని అత్తమ్మ ఆవిడకి చెప్పింది. నేను వాదించలేదు.